నలభై అయిదు మీద ఒక్కసారి

"ఎవడిదయ్యా ఈ దున్నపోతు గొంతు?"

అన్సెల్మో నాతో అన్న మొదటి మాట అది. 1980లో ఒక ఆదివారం సాయంత్రం, ఫోల్సమ్ వీధిలోని కాపర్ రూమ్ క్లబ్బులో, నేను పాటలు వేసే బూత్ తలుపు తోసుకొచ్చి మరీ అడిగాడు. బయట వాన. తడిసిన జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. కోపంలో కూడా అందంగా ఉన్నాడు, అదే నా ఖర్మ.

"ఎవడిదో అన్సెల్మో కిరోగా అట. రికార్డు మీద ఉంది చూడు," అన్నాను.

"ఆ అన్సెల్మోని నేనే! నా గొంతు ఇలా ఉంటుందా?"

ఉండదు. అతని గొంతు సన్నగా, తేనె పోసినట్టు ఉంది. అప్పుడుగానీ నేను చేసిన ఘనకార్యం నాకు తెలియలేదు.

పెద్ద రికార్డులు కొన్ని నిమిషానికి ముప్పైమూడు చుట్ల స్పీడు మీద తిరుగుతాయి, కొన్ని నలభై అయిదు మీద. ఏది ఎంతన్నది లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. బూత్‌లో చీకటి. నలభై అయిదు మీద గెంతుతూ పోవాల్సిన పాటను నేను ముప్పైమూడు మీద ఈడ్చాను. "వెనక మెట్లెక్కి రా, తలుపు తీసే ఉంచాను" అని అతను పాడింది, ఇంటి ఓనరమ్మ నిద్రపోయాక ప్రియుణ్ణి పిలుచుకునే ముద్దుపాట. అదే మాట నా చేతిలో పడి, మెట్ల కింద చీకట్లో నిలబడ్డ మగాడెవడో బరువుగా, సిగ్గూ శరం లేకుండా పిలుస్తున్నట్టు అయింది. వింటే చెవులు ఎర్రబడతాయి.

"చెడగొట్టావు. ఇప్పుడే తీసేయ్," అన్నాడు.

"నువ్వే తీసేయ్. కానీ ముందు అటు చూడు."

చూశాడు. అప్పటిదాకా గెంతుతున్న రెండొందల మంది మగాళ్ళు గెంతడం మానేశారు. చొక్కాలు విప్పేసి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా ఊగుతున్నారు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకున్నారు. అన్సెల్మో చెయ్యి రికార్డు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఒక్క వారమే," అన్నాడు. "వచ్చే వారం సరిగ్గా వెయ్యాలి."

"వేస్తాను. ఈలోపు కాఫీ తాగుతావా?"

"నా పాట పాడుచేసినవాడితో కాఫీ ఏమిటి?" అని, తాగాడు. పైగా రెండు కప్పులు.

తర్వాత నాలుగున్నరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. రెండు గదులు, వెనక మెట్లు కూడా ఉన్నాయి. ప్రతి ఆదివారం క్లబ్బుకి బయల్దేరేటప్పుడు అడిగేవాడు.

"ఇవాళైనా నలభై అయిదు మీద వేస్తావా లైల్?"

"వచ్చే వారం బంగారం."

నిజం చెప్పడానికి ఇప్పుడు సిగ్గు ఎందుకు? ఆ పాటకు ఆ స్పీడు కనిపెట్టినవాణ్ణి నేనని ఊరంతా అనేది. వేరే ఊళ్ళ డీజేలు కూడా నన్ను అడిగి అలాగే వేసేవారు. పాడింది ఎవరని ఎవరూ అడగలేదు. నాకు గర్వం నెత్తికెక్కింది. అతని గొంతు మీద నేను పేరు తెచ్చుకున్నాను.

తర్వాత ఎయిడ్స్ వచ్చి మా వాళ్ళ మీద పడింది. మా స్నేహితుడు కార్కీ 1985 ఫిబ్రవరిలో పోయాడు. కార్కీ ఒక్కడే అన్సెల్మో పాటను అసలు స్పీడులో ఇష్టపడినవాడు. ఆదివారం పొద్దున్న చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ అదే పాడుకునేవాడు. సంతాప సభ కాపర్ రూమ్‌లోనే పెట్టాం.

"ఇవాళ ఒక్కసారి లైల్. కార్కీ కోసం," అన్నాడు అన్సెల్మో.

"జనం ఒప్పుకోరు. అందరికీ తెలిసింది ఇదే కదా," అన్నాను. ముప్పైమూడు మీదే వేశాను. జనం ఏడ్చారు. అన్సెల్మో ఏడవలేదు, నా వైపే చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు సూట్‌కేసు సర్దుకుని, ఫ్రెస్నోలో ఉన్న వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను బస్‌స్టాండుకి కూడా వెళ్ళలేదు. ఒక ఉత్తరమన్నా రాయలేదు. అంత పెద్దమనిషిని నేను.

కాపర్ రూమ్‌లో ఒక ఆచారం ఉంది. ఆదివారం నాలుగింటికి మొదలయ్యే డాన్స్‌లో ఆఖరి పాట డీజేది. పొడుగాటి రికార్డు పెట్టి, బూత్ దిగొచ్చి, తనకు కావాల్సిన మనిషితో ఆడాలి. ముప్పైతొమ్మిదేళ్ళుగా నేను దిగలేదు. వైర్లు చుట్టుకుంటున్నట్టు నటిస్తాను. జనం నన్ను ఒంటిపిల్లి రాకాసి అనుకుని అలవాటుపడిపోయారు.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. వాన వచ్చే కబురు నాకు మోకాళ్ళే ముందు చెబుతాయి. నిన్నటి ఆదివారం నా ఆఖరి ఆదివారం. మానేస్తున్నానని చెప్పేశాను. అలిసిపోయాను, అంతే, ఇంకో కారణం లేదు.

"ఒసేయ్ లైలూ, మొహం అలా వేలాడేస్తావేమే? వీడ్కోలు పార్టీ, తద్దినం కాదు," అన్నాడు వెండెల్. బార్ వెనకాల నిలబడే గడ్డపు కొండ. అందరినీ ఆడపేర్లతో, ఆడపిలుపులతోనే పిలుస్తాడు. పాస్టర్ వచ్చినా ఒసేయ్ అనే అంటాడు.

"మోకాళ్ళ నొప్పి."

"నీకు నొప్పి మోకాళ్ళలో లేదులే. ఇదిగో, కాఫీ తాగి తగలడు."

బూత్ చుట్టూ పాతికేళ్ళు దాటని పిల్లలు మూగారు. ఈ పాట వచ్చినప్పుడు వీళ్ళ అమ్మలే పలకా బలపం పట్టుకుని ఉంటారు.

"తాతా, ఆ చీకటి పాట మర్చిపోకు!" అని అరిచాడొకడు, ముక్కుకు పోగు పెట్టుకున్నవాడు.

"నీకెందుకురా అంత పాత పాట?"

"మిగతా పాటలన్నీ హ్యాపీగా ఉండమని చంపేస్తాయి తాతా. ఇది ఏమీ అడగదు. ఎలా ఉన్నావో అలాగే రా అంటుంది."

నలభై ఏళ్ళుగా వేస్తున్న నాకు ఈ ముక్క తోచలేదు. వారమంతా వీధిలో, ఆఫీసులో, ఇంట్లో మంచి పిల్లల్లా నటించి వచ్చినవాళ్ళకు, నటించక్కర్లేని చోటు ఆ తొమ్మిది నిమిషాలే కాబోలు. అందుకే ఇంత చీకటి పాట ఇన్నాళ్ళు బతికింది.

ఏడున్నరకి తలుపు తెరుచుకుని వాన చప్పుడు లోపలికొచ్చింది. దాని వెనక ఒక ముసలాయన వచ్చాడు. తెల్ల మీసం, తడిసిన టోపీ. నేరుగా బూత్ దగ్గరికి నడిచాడు. నేను నడకను బట్టి పోల్చాను.

"దున్నపోతు ఇంకా బతికే ఉందన్నమాట," అన్నాడు అన్సెల్మో.

గొంతు మాత్రం అదే. సన్నగా, తేనె పోసినట్టు. కాఫీ కప్పు పక్కన పెట్టాను.

"ఎలా వచ్చావు?"

"బస్సులో. వెండెల్ ఉత్తరం రాశాడు."

"నేనే రాశాను!" బార్ అవతల నుంచి కేక. "ముప్పైతొమ్మిదేళ్ళుగా ఈ ఏడుపు మొహానికి కాఫీ పోసి పోసి నా చేతులు పడిపోయాయి. నువ్వైనా తీసుకుపో తల్లీ!"

అన్సెల్మో నవ్వలేదు. "ఎనిమిదిన్నరకి నా బస్సు. ఒక్కటే అడగడానికి వచ్చాను. ఆఖరి పాట నలభై అయిదు మీద వేస్తావా? వెయ్యనంటే చెప్పు. బస్‌స్టాండులోనే కూర్చుంటాను, అక్కడ కనీసం నిశ్శబ్దంగా ఉంటుంది."

కింద ఫ్లోర్ కిక్కిరిసి ఉంది. అందరూ ఆ చీకటి పాట కోసమే, నాకు ఆఖరిసారి చప్పట్లు కొట్టడం కోసమే వచ్చారు. ఒకప్పుడైతే 'వచ్చే వారం' అనేవాణ్ణి. నాకిక వచ్చే వారం లేదు.

"కార్కీ సభ రోజు నాది తప్పు," అన్నాను. "ఆ ముందు వారాలు కూడా. అన్నీ నావే తప్పులు. జనం కోసమని అబద్ధం చెప్పాను. నా గొప్ప పోతుందని భయపడ్డాను అన్సెల్మో. నువ్వు వెళ్ళిపోయాక ఆ గొప్పే మిగిలింది, అది ఒక్కపూట కూడా నాకు తోడు రాలేదు."

అతను టోపీ తీసి నీళ్ళు దులిపాడు. "ఆ మాట చెప్పడానికి ఇంత కాలం పట్టిందా?"

"నెమ్మదిగా తిరిగే మనిషిని కదా."

మీసం చివర కొంచెం కదిలింది. మైకు అందుకున్నాను.

"పిల్లలూ, ఇది మీకు తెలిసిన పాటే. కానీ నలభై నాలుగేళ్ళుగా నేను తప్పుగా వేస్తున్నాను. పాడినాయన ఇక్కడే ఉన్నాడు. ఇవాళ ఆయన పాడినట్టు వినండి."

నలభై అయిదు నొక్కి సూది దించాను.

పాట గంతులేస్తూ వచ్చింది. ఇరవై మూడేళ్ళ కుర్రాడి గొంతు, కల్లాకపటం లేనిది, వెనక మెట్లెక్కి రమ్మని పిలిచింది. ఫ్లోర్ మీద వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "తాతా, స్పీడు తప్పింది!" అన్నాడు ముక్కుపోగు. "నోర్ముయ్యవే, విను," అన్నాడు వెండెల్ బార్ వెనక నుంచి.

నేను బూత్ దిగాను. ముప్పైతొమ్మిదేళ్ళ తర్వాత ఆ మూడు మెట్లు. చెయ్యి చాచాను. "ఆఖరి పాట నాది. వస్తావా?"

అన్సెల్మో కళ్ళు తడిగా ఉన్నాయి. వాన నెపం పెట్టడానికి లేదు, మొహం తుడుచుకుని చాలాసేపైంది. వచ్చాడు.

ఆడాం. ఆడామంటే, గెంతడానికి ప్రయత్నించాం. పాట మమ్మల్ని ఈడ్చుకుపోతోంది. నా మోకాళ్ళు తిట్టాయి. అతను నా భుజం పట్టుకుని రొప్పుతున్నాడు. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మూడు నిమిషాలు కాకుండానే అన్సెల్మో ఆగిపోయాడు.

"లైల్."

"ఊఁ?"

"ఇంత స్పీడుగా పాడానా నేను?"

"నువ్వే పాడావు. నా మీద తోసెయ్యకు."

నడుం పట్టుకుని నిలబడి ఒక్క క్షణం తన గొంతు తానే విన్నాడు. తర్వాత నెమ్మదిగా మూడు మెట్లూ ఎక్కాడు. నేను వద్దనలేదు, ఏం చేస్తాడో చూస్తున్నాను. టర్న్‌టేబుల్ మీదికి వంగి, తన వేలితో తానే ముప్పైమూడు నొక్కాడు.

పాట ఒక్కసారిగా కిందికి జారింది. కుర్రాడి గొంతు మగాడి గొంతయింది. ఫ్లోర్ మొత్తం ఒక్క కేక పెట్టి ఊగడం మొదలుపెట్టింది.

అన్సెల్మో దిగొచ్చి నా భుజం మీద గడ్డం ఆనించాడు. ఆ మొదటి రాత్రి రెండొందల మంది ఒకరి మీద ఒకరు తల పెట్టుకున్నట్టే.

"ఇలాగైతే ఆడగలం," అన్నాడు.

గడియారం ఎనిమిది దాటింది. "నీ బస్సు?" అన్నాను, అడగడం నాకు ఇష్టం లేకపోయినా.

"పొద్దున్న ఇంకోటి ఉంటుంది. ఎల్లుండి కూడా ఉంటుంది. మీ ఇంటికి ఇంకా వెనక మెట్లున్నాయా?"

"ఉన్నాయి. కానీ ఎక్కలేం. ముందు వైపు లిఫ్టు పెట్టారు."

"బతికించావు," అన్నాడు. పాట ఇంకా అయిదు నిమిషాలు మిగిలి ఉంది.