బావమరిది తాడు

రాగి రేకు మీద ఉన్నవి మూడే మాటలు: వాన రెండుగా చీలే కొన, పడమటి పాయ దూకే చోట, బండ కింద గుహ. ఆ రేకు పట్టుకుని నిధి కోసం వీరభద్రం ఇరవై ఏళ్లు నల్లమల తిరిగాడు. చివరికి సర్వే పటంలో ఆ శిఖరాన్ని గుర్తుపట్టింది అతని అక్క భర్త, భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన కోదండపాణి.

తూర్పున వెదురు వాలు ఎక్కి మధ్యాహ్నానికి కొన చేరారు. పడమట నేలే లేదు. నిట్టనిలువు బండ, అడుగున లోయ. దూరాన మబ్బు కదులుతోంది. వీరభద్రం ఆగలేక నార తాడు నడుముకు చుట్టుకున్నాడు.

దారి చూపుతున్న చెంచు అంకన్న దాన్ని విప్పేశాడు. తేనెకు దిగేవాడి తాడు అతని భార్య అన్నో తమ్ముడో పట్టాలట. అక్కచెల్లెళ్ల పసుపుకుంకుమల కోసమైనా వాడు వదలడట. కాబట్టి దిగవలసింది కోదండపాణి.

"మీ అక్క పోయి రెండేండ్లంటిరి గదా సామీ," అన్నాడు అంకన్న వీరభద్రంతో. "ఇంక ఈ తాడు నిలుస్తాదో లేదో."

వీరభద్రం తాడు రెండో కొస చేతికి చుట్టుకున్నాడు.

కోదండపాణి గాలికి గిరగిర తిరుగుతూ దిగాడు. బండ పగులులో ఒక పిట్ట అతణ్ణి చూసి కూడా గూడు వదల్లేదు. అది చూశాక ఊపిరి కుదుటపడింది. గుహలో ఇనుప పెట్టె. విరిగిన మూత కింద బంగారు నాణేలు.

అంతలో వాన విరుచుకుపడింది. దారి చూపిన పాయే ఇప్పుడు గుహ నోటిని మూసేస్తోంది. అది పూర్తిగా మూసేలోగా తాడు ఒక్కసారే పైకి పోగలదు. మనిషినీ పెట్టెనూ కలిపి మోయదు. కోదండపాణి తాడు కొసను పెట్టె పిడికి చుట్టి, ముందు దీన్ని లాగమని, వాన తగ్గాక తాను వస్తానని కేకవేశాడు.

పైనుంచి వీరభద్రం గొంతు వినిపించింది. "పెట్టె కడితే లాగను బావా. నువ్వు కట్టుకో."

కోదండపాణి పెట్టె విప్పి తాడు నడుముకు కట్టుకున్నాడు. తాడు రెండుసార్లు జారింది, రెండుసార్లూ ఆగింది. అతను అంచు పాకి పైకి వచ్చేసరికి కింద పెట్టె నీటి తోపుకు బండలకు కొట్టుకుంటూ లోయలోకి పోతున్న చప్పుడు. వీరభద్రం అరచేతుల తోలు ఊడిపోయింది.

"ఇరవై ఏళ్లు వెతికావు కదరా," అన్నాడు కోదండపాణి.

"రేపు అక్క కనబడితే ఏం చెప్పేది బావా? పెట్టె తెచ్చినాననా?"

అంకన్న తడిసిన తాడును చుట్ట చుడుతూ తనలో తాను అన్నట్టు, "నిలుస్తాది," అన్నాడు.