కంఠసారథి

భీమిలి దగ్గర సముద్రం మీద తేలే కాలనీలో, 2087 నాటికి, చుట్టాలొస్తే కాఫీకన్నా ముందు ఇంగ్లీషు రైమ్ వచ్చేది. పూర్వం "అంకుల్‌కి రైమ్ చెప్పమ్మా" అంటే పిల్లలు అమ్మ వెనక దాక్కునేవారట. ఇప్పుడా వేషాలు సాగవు. ప్రతి పిల్ల చెవి వెనకా కందిగింజంత బిళ్ళ ఉంటుంది. దాని పేరు కంఠసారథి. అమ్మో నాన్నో తమ చెవి వెనకున్న జత బిళ్ళను నొక్కితే చాలు, అది పిల్లల స్వరనాడులకూ, కాళ్లూచేతులకూ సిగ్నల్స్ పంపుతుంది. ఎన్నడూ చూడని దేశపు గొర్రెలూ, రాణులూ, మంచూ యాక్షన్‌తో సహా దొరల యాసలో బయటికొచ్చేస్తాయి. బిళ్ళ లేని పిల్లను బడిలో చేర్చుకోరు.

డాక్టర్ హైమ దీన్ని కనిపెట్టింది పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ల కోసం. కంపెనీ అమ్ముకున్నది పసిపిల్లల కోసం. ఆ మంట ఆమెకు ఇంకా చల్లారలేదు.

ఆ ఆదివారం భర్త విక్రాంత్ స్నేహితులొచ్చారు. నాలుగేళ్ల కూతురు మేదిని అర్థంపర్థం లేని సొంత పాటేదో కట్టి పాడుకుంటోంది. విక్రాంత్ బిళ్ళ నొక్కాడు. పాట మధ్యలోనే తెగి రైమ్ మొదలైంది. పాప పెదాలు నవ్వుతున్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆపు! దానికిష్టం లేదని కనపడ్డం లేదేటి?" అంది హైమ.

"అందరి పిల్లలూ చెప్తుంటే మన పిల్ల మొద్దులా కూచోవాలా?" అన్నాడు విక్రాంత్.

"అంత సరదాగా ఉంటే నువ్వే పాడు!"

అని ఊరుకోలేదు. మర్నాడు ల్యాబ్‌లో సిగ్నల్‌ను వెనక్కి తిప్పేసింది. ఇకనుంచి నొక్కినవాళ్ల గొంతే పాడాలి.

"కంపెనీ అనుమతి లేని మార్పు ఇది. అన్ని బిళ్ళలకూ పంపమంటారా?" అని కంప్యూటర్ అడిగింది.

"పంపు. ఎవరొస్తారో రానీ. నలుగురిలో గెంతితేగానీ వీళ్లకి బుద్ధి రాదు."

ఆ సాయంత్రమే స్నేహితులు మళ్లీ చేరారు. విక్రాంత్ బిళ్ళ నొక్కి, తనే లేచి నడుం ఊపుతూ రైమ్ అందుకున్నాడు. స్నేహితులు తెల్లబోయారు. తర్వాత చప్పట్లు కొట్టారు. సిగ్గుతో బిళ్ళ పీకి పారేస్తాడనుకుంది హైమ. అతని ముఖం వెలిగిపోయింది. మళ్లీ నొక్కాడు. పక్కాయన "ఇప్పుడు నేను" అంటూ తన బిళ్ళ నొక్కుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ చప్పట్లు ఎవరికి కావలసొచ్చాయో హైమకు అప్పుడు తెలిసింది, ఒళ్లు మండిపోయింది.

మేదిని తన పాట ఎత్తుకుంది.

"ష్! నాన్న పాడుతున్నాడు కదా, నోర్ముయ్" అన్నాడు విక్రాంత్.

మేదిని కుర్చీ ఎక్కి నిలబడి, తండ్రి కళ్లలోకి చూస్తూ గొంతు ఇంకా పెంచింది.