మొదటావిడ మిక్సీ

వంటగట్టు మీద నాలుగు గుండ్రటి మరకలు. రబ్బరు కాళ్ళు ఏళ్ళ తరబడి ఒకేచోట ఆనితే పడే మరకలు. వాటి మీద ఉండాల్సిన మిక్సీ లేదు.

ఎస్సై నడుం మీద చేతులు పెట్టుకుని ఆ మరకల్నే చూస్తోంది. ఆవిడ సర్వీసులో హత్యలు చూసింది, గొలుసు దొంగల్ని పట్టింది. మిక్సీ పోయిందని స్టేషనుకి ఫోన్ రావడం మాత్రం ఇదే మొదలు.

"మిక్సీకి జీపేసుకొచ్చాం మేడమ్," అని గొణిగాడు మీసాల హెడ్డు. "రేపు గరిటె పోయిందని పిలుస్తారు."

"గొణుగుడాపి కిటికీ చూడండి."

కిటికీ ఊచలు గట్టిగా ఉన్నాయి. వెనక తలుపు గడియ లోపల్నించి వేసే ఉంది. వీధి తలుపు తాళం మీద చిన్న గీతైనా లేదు. పక్కనే కొత్త కుక్కరుంది, వెండి గ్లాసులున్నాయి. దొంగ వాటి జోలికే పోలేదు.

బయటివాడి పని కాదు. ఆ సంగతి హెడ్డుకి కూడా అర్థమైంది. అందుకే మీసం దువ్వుకోవడం మొదలెట్టాడు.

హాల్లో ముగ్గురున్నారు, ముగ్గురూ మూడు మూలల్లో. ఫిర్యాదు చేసింది పెద్దాయన, రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. కిందటి వారమే కంటి ఆపరేషనైంది. నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయన కూతురు బ్యాంకు మేనేజరు. తండ్రిని చూడ్డానికి నిన్న కారేసుకుని వచ్చి రాత్రి ఇక్కడే ఉండిపోయింది. మూడో మనిషి పెద్దాయన భార్య. రెండో భార్య. మేనేజరుకి పిన్ని.

పిన్ని కాళ్ళ దగ్గర సర్దిన బ్యాగొకటి ఉంది.

"ఎక్కడికండీ ప్రయాణం?" అడిగింది ఎస్సై.

"ఇంకా అనుకోలేదమ్మా. దొంగతో ఒకే కప్పు కింద ఉండనన్నారు ఈయన. నాకా పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు."

"అంటే మీరే తీశారని..."

"ఇంకెవరు తీస్తారు?" పెద్దాయన గొంతు పెంచాడు. "అది నా మొదటి భార్య మిక్సీ. పెళ్ళైన కొత్తలో నా మొదటి బోనస్‌తో కొన్నాను. ఈవిడకి దాన్ని చూస్తేనే కడుపుమంట. వచ్చిన ఏడాదే దాని మోటారు కాల్చేస్తే కొత్తది వేయించాను."

"కావాలనే కాల్చింది," అంది మేనేజరు. "నాకప్పుడు పదేళ్ళు. నాకు బాగా గుర్తు."

పిన్ని బ్యాగుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న రాత్రి భోజనాలప్పుడు," అన్నాడు పెద్దాయన. "దాని గురించే గొడవైంది. మా అమ్మాయి తనకిమ్మంది. మీ పిన్నినడుగమ్మా అన్నాను. ఈవిడ ఇవ్వనంటే ఇవ్వనంది. తెల్లారేసరికి అది లేదు. ఇంకేం సాక్ష్యం కావాలమ్మా మీకు?"

ఎస్సైకి తన తోడికోడలి రెండు తలుపుల ఫ్రిజ్ గుర్తొచ్చింది. కుళ్ళంటే ఏమిటో ఆవిడకెవరూ చెప్పక్కర్లేదు. అందుకే తొందరపడలేదు.

"బయటివాళ్ళెవరైనా దాని మీద కన్నేశారా?"

"సందు చివర పాత సామాన్లాయన," అన్నాడు పెద్దాయన. "రెండుసార్లు వచ్చి బేరమాడాడు. వరండా దాటనివ్వలేదు."

హెడ్డు వెళ్ళి పాత సామాన్లాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పాత రేడియోలు, టోస్టర్లు, కాఫీ మరలు దుమ్ము దులిపి అద్దాల బీరువాల్లో పెట్టి అమ్మే మనిషి. జీపు చూసి ముందే చెమటలు పట్టాయి.

"నేనెందుకు తీస్తాను మేడమ్? అలాంటిది ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. షాపులో పెట్టగానే దొరికిపోనూ? అయినా ఒరిజినల్ మూత లేదని ఈ పెద్దాయనే చెప్పారు. మూత లేని మిక్సీ నాకెందుకని అప్పుడే వదిలేశాను."

ఎస్సై తల పైకెత్తింది. "మూత లేదా?"

"ఎప్పుడో పగిలిపోయిందమ్మా," అన్నాడు పెద్దాయన. "ఎటు పోయిందో నాకు తెలీదు. వంటింటి సంగతులు నాకేం తెలుస్తాయి?"

"పిన్నిగారూ, మీరొకసారి లోపలికి రండి."

వంటింట్లో ఎస్సై ఒక్కో వస్తువూ పట్టిపట్టి చూసింది. సింకు పక్కన బోర్లించిన స్టీలు పళ్ళెం చేతిలోకి తీసుకుంది. మామూలు పళ్ళెమే. కాకపోతే అడుగున గుండ్రంగా గాడి పడింది, గీసి గీసి అరిగినట్టు.

"ఇదేంటి?"

"మిక్సీ మూత. అసలుది పగిలాక జార్ మీద ఇదే పెట్టి అరచేత్తో నొక్కిపడతాను. ముప్పై ఏళ్ళైంది."

"మరి పగిలిన మూత?"

"ఆ పైన." పిన్ని అటక వైపు చూపించింది. "పగిలిన రోజు మా అమ్మాయి గుక్కపట్టి ఏడ్చింది. పారెయ్యబుద్ధి కాలేదు. గుడ్డలో చుట్టి దాని కళ్ళముందే అక్కడ పెట్టాను. మళ్ళీ తియ్యలేదు."

ఎస్సై స్టూలు లాక్కుని ఎక్కింది. అటక నిండా దుమ్ము. ఒకచోట మాత్రం పళ్ళెమంత మేర తుడిచినట్టు ఖాళీగా ఉంది. గుడ్డా లేదు, మూతా లేదు. ఆవిడ దిగి చేతులు దులుపుకుంది. పెదవి చివర నవ్వు మెదిలింది.

"పదండి," అంది. "దొంగ దొరికింది."

హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. పాత సామాన్లాయన మాత్రం తలుపు వైపు రెండడుగులు వేశాడు. హెడ్డు ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"వదిలేయండి, ఆయన కాదు," అంది ఎస్సై. "దొంగ మిక్సీతో పాటు పగిలిన మూత కూడా పట్టుకెళ్ళింది. అటక ఎక్కి మరీ. మూతే లేదనుకుంటున్న మనిషి అటకెందుకెక్కుతాడు?"

పాత సామాన్లాయన ఊపిరి పీల్చుకున్నాడు.

"పెద్దాయనకి మూత ఎక్కడుందో తెలీదు. పైగా ఆపరేషనైన మనిషి. స్టూలెక్కితే డాక్టరు ఊరుకుంటాడా?"

"నేను చెప్పలా? ఈవిడే!" అన్నాడు పెద్దాయన.

"ఆగండి సార్. ఈవిడ దృష్టిలో ఆ మిక్సీకి మూత స్టీలు పళ్ళెం. రోజూ వాడేవాళ్ళు తీస్తే పళ్ళెం పోయేది. కుళ్ళుతో అవతల పారేద్దామనుకుంటే ఏ మూతా అక్కర్లేదు. పగిలిన మూతని గుర్తుపెట్టుకుని, వెతుక్కుని తీసుకెళ్ళిందంటే ఆ మనిషి మనసులో మిక్సీ ముప్పై ఏళ్ళ కిందటిలాగే ఉంది. అది పాడు చెయ్యాలని తీసిన చెయ్యి కాదు. దాన్ని విడిచి ఉండలేక తీసిన చెయ్యి." ఎస్సై మేనేజరు వైపు అరచేయి చాచింది. "కారు తాళం ఇస్తారా అమ్మా?"

మేనేజరు ముఖం పాలిపోయింది. తాళం ఇవ్వలేదు. ఒక్కసారిగా బరస్టయింది.

"అవును, నేనే తీశాను! మా అమ్మ వస్తువు కోసం ఈవిడ్ని అడుక్కోవాలా నేను? అమ్మ మిక్సీ తిప్పుతుంటే ఆ మూత నేనే పట్టుకునేదాన్ని. రెండు చేతులూ అదిరిపోయేవి. అమ్మ నవ్వేది. అమ్మతో నాకు మిగిలింది అదొక్కటే! అమ్మ మంచం తీసుకుంది ఈవిడ, అమ్మ బీరువా తీసుకుంది, నాన్నని తీసుకుంది. మిక్సీ కూడా ఈవిడకేనా?"

"తీసుకుంటే తీసుకున్నారు. నేరం ఆవిడ మీదికి పోతుంటే చూస్తూ ఊరుకున్నారేం?"

"పోతే పోయిందనుకున్నాను." మేనేజరు గొంతు తగ్గింది. "బ్యాగు సర్దుతుంటే... సంతోషమేసింది కూడా."

ఆవిడ తాళం తీసిచ్చింది. హెడ్డు వెళ్ళి డిక్కీ తీశాడు. పాత దుప్పట్లో చుట్టిన మిక్సీ, గుడ్డలో మూత. తెచ్చి పెద్దాయన ముందు బల్ల మీద పెట్టాడు.

పిన్ని మెల్లగా నోరు విప్పింది.

"మోటారు నేనే కాల్చాను. అది నిజమే. ఎలా కాలిందో నన్ను ఒక్కరూ అడగలేదు." మేనేజరు వైపు తిరిగింది. "నేనొచ్చిన కొత్తలో నువ్వు నాతో మాట్లాడేదానివి కాదు. పొద్దున్నే పిలిస్తే లేచేదానివి కాదు. మిక్సీ చప్పుడు వినపడితే మాత్రం అమ్మా అంటూ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేదానివి. నన్ను చూసి ముఖం ముడుచుకుని స్నానానికి పోయేదానివి. ఎలాగో లేచావు కదా, స్కూలుకి టైమవుతుందని రోజూ ఖాళీ మిక్సీ తిప్పేదాన్ని. ఖాళీగా తిప్పితే కాలుతుందని నాకేం తెలుసు?"

మేనేజరు బల్ల మీద మూత చుట్టిన గుడ్డ విప్పింది.

"నిన్న ఇవ్వనన్నది అందుకేనా?" అడిగింది ఎస్సై.

"ఎలా ఇస్తాను? ఈ ఇంట్లో ఈ పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది ఆ చప్పుడు వినే. నాకోసం కాకపోతేనేం." పిన్ని కళ్ళు తుడుచుకుంది. "కుళ్ళు నాకూ ఉందమ్మా, లేదనను. పోయిన మనిషితో ముప్పై ఏళ్ళు పోటీ పడ్డాను. ఆవిడ ఒక్క తప్పూ చెయ్యదు, ముసలిదీ అవ్వదు. ఎలా గెలుస్తాను?"

"పిన్నీ..." అంది మేనేజరు.

ఎస్సై పెద్దాయన వైపు తిరిగింది. "కేసు రాయమంటారా సార్?"

"వద్దమ్మా, వద్దు," పెద్దాయన కంగారుపడ్డాడు. "ఇది ఇంటి విషయం."

"ఓహో!" అంది పిన్ని. ఆ గొంతు అంతవరకూ ఎవరూ వినలేదు. "దొంగని నేననుకున్నప్పుడు పోలీసు విషయం. మీ కూతురనగానే ఇంటి విషయమైపోయిందా?"

పెద్దాయన నల్లద్దాలు సర్దుకున్నాడు.

"దీని మీద నాకు కోపం లేదండీ. తల్లిని పోగొట్టుకున్న పిల్ల, ఉడుక్కుంది. మీకేమైంది? ముప్పై ఏళ్ళు నా చేతి అన్నం తిని, ఒక్క పూటలో నన్ను దొంగని చేశారు. నిజంగా నువ్వేనా అని ఒక్కసారి అడిగారా?"

పిన్ని బ్యాగు కోసం వంగింది. అది చేతిలోకి రాకముందే మేనేజరు లాక్కుంది.

"మా ఇంటికి రా పిన్నీ."

పిన్ని చాలాసేపు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. జుట్టు నెరుస్తున్న పిల్ల. చెప్పులు వెతుక్కుని వేసుకుంది.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. "ఇదేంటి? మీరిద్దరూ వెళ్ళిపోతే నాకు వంటెవరు చేస్తారు?"

పిన్ని గుమ్మంలో ఆగింది కానీ వెనక్కి తిరగలేదు.

"మీ మిక్సీ దొరికిందిగా," అంది. "దాన్నడగండి."