మోకు దాచిన రోజు

పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టాక జియావుల్లా గోడ వైపు చూశాడు. నడుం బెల్టు మేకుకు వేలాడుతూ ఉంది. కొడవలి ఉంది, కోత మిషను మూలలో ఉంది. చెట్టెక్కేటప్పుడు తనను తాను కట్టుకునే నైలాన్ మోకు మాత్రం లేదు. మంచం కిందకి వంగి చూశాడు, దొడ్లోకి వెళ్లి చూశాడు, బియ్యం డ్రమ్ము వెనక చెయ్యిపెట్టి తడిమాడు.

ఖమ్రున్నీసా తలెత్తకుండా కుట్టుమిషను తొక్కుతూ ఉంది. ముందురోజు అతను మసీదుకు వెళ్లినప్పుడు మోకును బొంతల దొంతర కిందికి తోసింది ఆమే.

“మోకు చూసినావా?”

“నాకేం తెల్సు,” అంది.

అతను కాసేపు ఆమె వైపే చూశాడు. బెల్టు భుజాన వేసుకుని, కోత మిషనును బండికి కట్టుకుని వెళ్లిపోయాడు.

ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఇళ్ల మీదికి వాలిన చెట్టు ఏదైనా కొట్టాలంటే జియావుల్లానే పిలిచేవాళ్లు. కొమ్మకు తాడు కట్టి, దాన్ని పై పంగ మీదుగా కిందికి వదిలి, కోసిన కొమ్మను పసిబిడ్డను దించినట్టు నేలకు దింపించేవాడు. కింద తాడు పట్టేది ఖమ్రున్నీసా అన్న దస్తగిరి. పోయిన వానాకాలం పులివెందులలో ఒక చెట్టు మీద మోకు విప్పి ఇంకో కొమ్మకు మారబోతుంటే, పుచ్చు కొమ్మ ఫెళ్లున విరిగి కింద పడ్డాడు. భుజం ఎముక రెండు చోట్ల చిట్లింది. ఎముక అతుక్కుంది గానీ, కుడి చెయ్యి పైకెత్తినప్పుడల్లా అతని పెదవులు బిగుసుకోవడం ఆమె చూస్తూనే ఉంది. తన చెల్లెలు సకీనా మొగుడికి కట్టెల అడితి ఉంది, అందులో కూర్చుని చేసే పని ఇప్పిస్తానని ఖమ్రున్నీసా చెప్పింది. బతిమాలింది, అలిగింది. ఏదీ పారలేదు. కడకు మోకు దాచింది.

మోకు లేనిదే ఎట్లా ఎక్కుతాడు, కాసేపటికి తిరిగొస్తాడులే అనుకుంది. కానీ మనసు నిలవలేదు. కుడుతున్న జాకెట్టుకు ఎడమ చెయ్యి తెచ్చి కుడివైపు అతికింది. విప్పింది, మళ్లీ కుట్టింది. వాకిట్లోకి వెళ్లింది, లోపలికొచ్చింది. ఉండబట్టలేక అన్నకు ఫోను చేసింది.

జమ్మలమడుగులో రమణమ్మగారింట్లో వేపచెట్టు పని మొదలైందనీ, బావ పైనే ఉన్నాడనీ దస్తగిరి చెప్పాడు. మోకు ఎక్కడిదని అడిగింది.

“బోరు మోటరు పైకి లాగే పాత తాడు ఈడుంటే అదే కట్టుకున్నాడు. ఎండకు పెళుసెక్కి ఉండాది చెల్లె. వద్దంటే ఇనలా.”

ఇంట్లో కూర్చోబెట్టాలని తను చేసిన పనే అతన్ని పెళుసు తాడుకు కట్టింది. బొంతలు లాగి పడేసి, మోకును సంచిలో కుక్కి, తలుపు గొళ్లెం పెట్టిందో లేదో కూడా చూసుకోకుండా బస్టాండుకు పరుగెత్తింది.

బస్సు ప్రతి స్టేజీలో ఆగుతూ పోతుంటే కూర్చోలేకపోయింది. సీటు ఖాళీగా ఉన్నా డ్రైవరు వెనక రాడ్డు పట్టుకుని నిలబడింది. కండక్టరు కూర్చోమన్నా కూర్చోలేదు.

రమణమ్మగారి గేటు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఇన్నేళ్ల కాపురంలో మొగుణ్ణి చెట్టు మీద చూడడం ఇదే మొదటిసారి. రేకుల కప్పు మీదుగా ఒక పెద్ద కొమ్మ తాడుకు వేలాడుతూ ఊగుతోంది. దస్తగిరి ఆ తాడును మానుకు చుట్టి, కాళ్లు తన్నిపెట్టి, అంగుళం అంగుళంగా వదులుతున్నాడు. ఇప్పుడు కేకేస్తే ఎవరి దృష్టి చెదిరినా ముప్పే. ఖమ్రున్నీసా కొంగు నోటికి అదుముకుని నిలబడింది. రమణమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

కొమ్మ నేలను తాకింది. అప్పుడు జియావుల్లా కిందికి చూశాడు. చాలాసేపు మానును కరుచుకుని అట్లాగే ఉండి, నెమ్మదిగా దిగివచ్చాడు. ఆమె సంచిలోంచి మోకు తీసి అతని కాళ్ల ముందు పడేసింది.

“అది కనపడకపోతే నేను కూర్చుంటా అనుకున్నావా?” అన్నాడు.

“ఇంట్లో ఉంటావనుకున్నా. ఇంత తెగింపు చేస్తావనుకోలా.”

“పని మానేసి నేనేం కావాల? అడితిలో కట్టెలకు కాపలా కూచోవాల్నా?”

“నువ్వు పడిననాడు ఆసుపత్రిలో నీ చొక్కా మడిచి నా చేతికిచ్చినారు,” అంది ఆమె. గొంతు పెరగలేదు. “నువ్వు బతికుండావో లేదో ఎవురూ చెప్పలా. ఆ చొక్కా పట్టుకుని కూచున్యా. ఇంగొకసారి అట్ల కూచోలేను. అంతే నాకు తెల్సింది.”

ఆ సంగతి జియావుల్లాకు తెలియదు. పడ్డాక కళ్లు తెరిచేసరికి ఆమె నవ్వుతూ పక్కనే ఉంది. అదే అతనికి గుర్తు. అతను కోసి పడేసిన దిమ్మె మీద కూలబడ్డాడు. దస్తగిరి నీళ్ల చెంబు అక్కడ పెట్టి, రమణమ్మతో పాటు పెరటి వైపు వెళ్లిపోయాడు.

అప్పుడు అతనే నోరు తెరిచాడు. ఇందాక పై పంగకు పోయినాక చేతులు వణికాయని, మాను పట్టుకుని కళ్లు మూసుకున్నానని చెప్పాడు. దిగిపోతే ఇంకెప్పుడూ ఎక్కలేనేమోనని దిగలేదట. చెప్తున్నంతసేపూ నేలనే చూశాడు.

సగం కోసిన కొమ్మ ఇంకొకటి కప్పు మీదికి వంగి ఉంది. దాన్ని అట్లా వదిలితే కింద మనుషులు పడుకోలేరు. జియావుల్లా మోకు చేతిలోకి తీసుకుని ఆమె మొహంలోకి చూశాడు.

“ఎక్కేదా?” అని అడిగాడు.

పెళ్లయిన నాటినుంచీ అతను చెప్పి వెళ్లాడే గాని, అడిగి వెళ్లింది లేదు. ఆమె వేపచెట్టును కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత తల ఊపింది. అతను ఎక్కి ఆ కొమ్మ దింపేదాకా కళ్లు మూసుకోకుండా చూసింది.

పని అయ్యాక రమణమ్మ వసారాలో అన్నాలు పెట్టింది. కమలాపురంలో ఉన్న జావేద్ చెట్లు బాగా ఎక్కుతాడనీ, రేపు పోయి మాట్లాడి వస్తాననీ జియావుల్లా బామ్మర్దితో అన్నాడు. ఇకనుంచి చెట్టు మీద జావేద్, కింద తామిద్దరూ. దస్తగిరి సరేనన్నాడు. ఖమ్రున్నీసా అతని విస్తరిలో పప్పు వేసింది.

ముద్ద కలుపుతూ అతను చెయ్యి ఆపేశాడు.

“భుజం శానా నొస్తాంది ఖమ్రూ,” అన్నాడు.

పడ్డ రోజు నుంచీ ఆ మాట అతని నోటి వెంట రాలేదు. ఆమె ఏడుపు కనపడకుండా అతని వెనక్కి జరిగి, ఆ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కసాగింది.