బావగారికి గ్రాఫిక్స్ కార్డెందుకు

శుక్రవారం ఉదయం. సౌదీలోని అభా కొండల మీద మంచు ఇంకా విడలేదు. వంటింటి కిటికీ అవతల పిట్టగోడ మీద ఒక కోతి కూర్చుని లోపలికి తొంగి చూస్తోంది. కొర్నేలు కిటికీ తలుపు వేసేసి సింకు దగ్గర చేపలు కడగడం మొదలుపెట్టాడు. బావమరిది జెఫ్రీ నిన్న జెద్దా నుంచి ఐసుపెట్టెలో తెచ్చిన చేపలవి. అక్కకి చేపల పులుసంటే ప్రాణమని అంత దూరం నుంచి మోసుకొచ్చాడు. అక్కకి ప్రాణమైతే వండాల్సింది బావే అన్న సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఇంట్లో అది మామూలే. కొర్నేలు భార్య జ్ఞానమణి పెద్దాసుపత్రిలో నర్సు. ఇల్లు, వీసాలు, కూతురు సుజిత చదువు అన్నీ ఆమె ఉద్యోగం మీదే నడుస్తాయి. కొర్నేలు ఇకామా మీద, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే కార్డు మీద, 'మురాఫిక్' అని ఉంటుంది. భార్యకి తోడుగా వచ్చినవాడని దానర్థం. పని చేసే అనుమతి లేదని కూడా అందులోనే ఉంటుంది. కాకినాడలో బిల్డింగుల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వదిలేసి, చంటిపిల్లని ఎత్తుకుని వచ్చాడు. వంట చేస్తాడు, యూనిఫారాలు ఇస్త్రీ చేస్తాడు, నైట్ డ్యూటీ చేసొచ్చిన భార్యకి నిద్ర చెడుతుందని ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తాడు. ఇంత చేసే మనిషిని లోకం ఏమంటుందో తెలుసా? ఖాళీగా ఉన్నాడంటుంది.

హాల్లో కొత్త లాప్‌టాప్ పెట్టె తెరిచారు. మూలనున్న పాత కంప్యూటర్ నత్తకి మేనత్తలా తయారైందని కొన్నాళ్ళుగా ఇంట్లో గొడవ. బాగు చేయిద్దామని కొర్నేలు, పారేద్దామని జ్ఞానమణి. చివరికి ఆవిడ జెద్దాలో ఐటీ పని చేసే తమ్ముణ్ణి అడిగింది. అతను నిన్న వస్తూ వస్తూ పక్కూరు ఖమీస్‌లో దిగి ఈ లాప్‌టాప్ కొనేశాడు. ఆ కంప్యూటర్ ముందు రోజూ కూర్చునే మనిషిని మాత్రం ఎవరూ ఒక్క ముక్క అడగలేదు.

"బేసిక్ మోడలే గానీ పాపకి సరిపోద్ది అక్కా. వెయిట్ కూడా లేదు," అన్నాడు జెఫ్రీ.

"బాగుందిరా. ఆ డబ్బా తీసేస్తే హాల్లో కాస్త చోటన్నా వస్తది."

కొర్నేలు పసుపు చేతులతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "జెఫ్రీ, దాన్ని తియ్యొద్దు. ర్యామ్ పెంచి, ఓ గ్రాఫిక్స్ కార్డు వేస్తే చాలు. మీ అక్కతో చెప్పేను కూడా."

"గ్రాఫిక్స్ కార్డా?" జెఫ్రీ నవ్వాడు. "మీకెందుకు బావగారూ? వంటల వీడియోలు చూడ్డానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదండీ."

సుజిత కిసుక్కుమంది. జ్ఞానమణి కూడా నవ్వింది. హాస్యానికే అన్నాడు, నిజమే. మనిషిని చులకన చేసే మాటలన్నీ హాస్యానికే అంటారు. పడినవాడికి కోపమొస్తే, హాస్యం కూడా తెలీదా అని పైనుంచి ఇంకోటి అంటారు. కొర్నేలు "తియ్యొద్దు," అని మళ్ళీ ఒకసారి చెప్పి, పొయ్యి మీద చింతపండు పులుసు పొంగుతోందని లోపలికెళ్ళాడు.

కాసేపటికి కాలింగ్ బెల్ మోగింది. బిల్డింగ్ కాపలా చూసే ఇష్తియాక్ వచ్చాడు. పాత కంప్యూటర్ నువ్వు తీసుకుపో అని జెఫ్రీ పొద్దున్నే అతనికి మాటిచ్చేశాడట. ఇవ్వడానికి అది ఎవరి సొమ్మో మరి. "ఆవో భాయ్, ఆవో," అంటూ జెఫ్రీ బల్ల కిందికి వంగాడు. తెర నల్లగా ఉంది కాబట్టి కంప్యూటర్ ఆపేసే ఉందనుకున్నాడు. ప్లగ్గు పట్టుకుని లాగేశాడు.

నిన్న సాయంత్రం నుంచి గుయ్యిమంటున్న దాని ఫ్యాను చప్పుడు ఠక్కున ఆగిపోయింది. చప్పుడు ఆగిన సంగతి ఇంట్లో ఒక్కరికే తెలిసింది. కొర్నేలు స్టవ్వు ఆపేసి హాల్లోకి వచ్చాడు.

"ఏం చేశావు జెఫ్రీ?"

"ఆగే ఉంది కదా బావగారూ."

"తెర ఆపేను. మిషన్ ఆపలేదు. నేను గీసిన డ్రాయింగుకి నిన్నటి నుంచి లోపల బొమ్మ తయారవుతోంది. చాలావరకు అయిపోయింది కూడా. ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది." అతను గుమ్మం వైపు తిరిగాడు. "ఇష్తియాక్ భాయ్, యే నహీ దేనా హై. మాఫ్ కర్నా."

ఇష్తియాక్ ఇంట్లోవాళ్ళ మొహాలు చూసి వెళ్ళిపోయాడు.

"ఆదివారం పొద్దున్న ఆఫీసు తెరిచేసరికి కంపెనీకి పంపాలి. ఇప్పుడెలా పంపాలి?" అన్నాడు కొర్నేలు.

"ఏ కంపెనీకండీ?" అంది జ్ఞానమణి.

ప్లగ్గు లాగినప్పుడు కూడా గొంతు పెంచని మనిషి ఆ మాటకి పెంచాడు.

"ఏ కంపెనీకా? ఎన్నిసార్లు చెప్పేను మణీ నీకు? జెద్దా డిజైన్ కంపెనీవాళ్ళు ఇక్కడ అభాలో ఆఫీసు పెట్టేరు, ఆసుపత్రి వార్డొకటి గీసి పంపమన్నారు, నచ్చితే ఇకామా వాళ్ళ పేరు మీదికి మార్పించి ఉద్యోగం ఇస్తామన్నారు అని చెప్పేనా లేదా? రాత్రి కూడా చెప్పేను, మిషన్ ఆపొద్దని. ఊ అన్నావు."

"అరవకండి. తమ్ముడున్నాడు."

"తమ్ముడి ముందు నవ్వొచ్చు. అరవకూడదా?"

జ్ఞానమణి మొహం ఎర్రబడింది. "డ్యూటీ చేసొచ్చేసరికి నా ఒంట్లో ప్రాణం ఉండదు. మీరేదో చెప్తారు, నేను ఊ అంటాను. ఒక్కదాని జీతం మీద ఈ ఇల్లు నడుస్తోంది. అది కూడా కాస్త ఆలోచించండి."

"ఆలోచించని రోజు లేదు. ఉల్లిపాయలు కొనుక్కురావాలన్నా అదే ఆలోచన. అందుకే కదా కొత్త సాఫ్ట్‌వేర్ నాకు నేనే నేర్చుకుంది. పెళ్ళైన కొత్తలో నువ్వో మాట చెప్పి ఏడ్చేవు, గుర్తుందా? ఇంట్లో కూచుని నువ్వు చేసేదేంటే అని మీ నాన్న మీ అమ్మని రోజూ అనేవారని. మావగారు పోయినా ఆ మాట పోలేదు. ఈ ఇంట్లోకొచ్చింది."

"నేనలా ఎప్పుడన్నానండీ?"

"అనక్కర్లేదు. ఇందాక నవ్వేవుగా."

జెఫ్రీ వంగి ప్లగ్గు మళ్ళీ పెట్టాడు. ఫ్యాను గుయ్యిమంది. జ్ఞానమణి కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె కోపం ఇంకా చల్లారలేదు.

"అంత గొప్పది ఏం గీసేరో చూపించండి. చూస్తాను."

అసలే నత్త, పైగా బలవంతంగా ఆపి లేపారు. డ్రాయింగు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందంటే, కోపంలో ఉన్న మనిషికి కూడా కదలకుండా కూర్చోక తప్పలేదు. ముందు నేల వచ్చింది. తర్వాత గోడలు వచ్చాయి. మంచాలు ఒక్కొక్కటే వచ్చి చుట్టూ నిలబడ్డాయి. మధ్యలో అద్దాల వెనక నర్సుల బల్ల వచ్చింది.

జ్ఞానమణి కాస్త ముందుకి వంగింది.

ఆమె పనిచేసే వార్డులో నర్సుల బల్ల ఒక చివరన ఉంటుంది. ప్రాణం మీదికొచ్చిన పేషెంట్లు ఇంకో చివరన ఉంటారు. బల్ల మధ్యలో పెడితే వీళ్ళ సొమ్మేం పోతుందని ఆమె అన్నం ముందు కూర్చుని ఎన్నోసార్లు తిట్టుకుంది. ఇక్కడ అది మధ్యలో ఉంది. ప్లగ్గుల కోసం వంగి వంగి నడుం పోతోందని ఏడ్చేది. ఇక్కడ ప్లగ్గులు నడుమెత్తులో ఉన్నాయి. చేతులు కడుక్కునే సింకు గుమ్మం పక్కనే ఉంది. మందుల గదికి మంచి వెలుతురుంది. దాని పక్కన, నైట్ డ్యూటీవాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి, కిటికీ ఉన్న చిన్న గది కూడా ఉంది.

"మీ వార్డులో అది ఎక్కడుంటది, ఇది ఎంత దూరం అని అడిగేవారు. ఊసుపోక అడుగుతున్నారనుకున్నాను," అంది.

"ఇంత పని జరుగుతుంటే నీకు తెలీకుండా ఎలా ఉందక్కా?" అన్నాడు జెఫ్రీ మెల్లగా.

"చెప్పేరురా. నేనే వినలేదు." కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. "నా సణుగుడంతా ఒక్క మాట పోకుండా విన్నారు. ఈయన చెప్పింది ఒక్కటీ నా చెవికెక్కలేదు. తప్పైపోయిందండీ."

కొర్నేలు అలాగే నిలబడ్డాడు. మాట పడినంత తేలిగ్గా మనసు కరగదు. భార్య ఏడుస్తోంది కదా అని ఇందాకటి నవ్వు వినబడకుండా పోతుందా?

జెఫ్రీ లాప్‌టాప్‌ని తిరిగి పెట్టెలో సర్దాడు. "జుమ్మా నమాజు అయ్యాక ఖమీస్‌లో షాపు తీస్తారు బావగారూ. ఇది రిటర్న్ ఇచ్చేద్దాం. ర్యామ్, కార్డు ఏవి కావాలో మీరే వచ్చి చూసుకోండి. ఇవాళే వేసేస్తే ఆదివారానికి మీ బొమ్మ వచ్చేస్తుంది." తల దించుకున్నాడు. "ఇందాక నేనన్నది మనసులో పెట్టుకోకండి."

"చూద్దాం," అన్నాడు కొర్నేలు పొడిగా. సుజిత వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లని మాత్రం దగ్గరికి తీసుకున్నాడు.

జ్ఞానమణి పైట కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె చూపు తెర మీద ఒకచోట ఆగింది. అచ్చంగా వార్డులో ఏదో తేడా కనిపెట్టిన సీనియర్ నర్సు మొహం పెట్టింది.

"ఏవండీ, ఈ తలుపు ఇటు తెరుచుకుంటే స్ట్రెచర్ తిరగదు కదా. ఎందుకిలా పెట్టేరు?"

కొర్నేలు ఆమె వంక చూశాడు. కాకినాడ ఆఫీసు వదిలాక, ఇది ఎందుకిలా గీశావని అతన్ని అడిగిన మనిషి లేదు. క్షమించమన్నా చలించనివాడికి ఆ ప్రశ్నతో కళ్ళు నిండాయి. పసుపు చేతులతో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకున్నాడు.

"నాకు తట్టలేదు మణీ. ఎటు తెరుచుకోవాలి?"

"కూచోండి చెప్తాను. స్ట్రెచర్‌తో ఇద్దరం ఇలా వస్తామా..." ఆమె రెండు చేతులూ చాచి గాల్లోనే స్ట్రెచర్ తిప్పి చూపించింది. అతను పక్కన కూర్చున్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి లేవబోయాడు.

"పులుసు..."

ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తెర మీంచి చూపు తిప్పకుండా తమ్ముణ్ణి కేకేసింది.

"ఒరే జెఫ్రీ, స్టవ్వు వెలిగించి ఆ పులుసు సంగతి చూడు. మీ బావగారు పనిలో ఉన్నారు."