డబ్బా నాలుగో మూల

పాశమైలారం కంపెనీలు దాటి రుద్రారం దిక్కు పోయే మట్టితోవల తుమ్మల చెలక అని ఒక మెట్టభూమి ఉంటది. పొద్దుగూకినంక ఆ తోవ పట్టొద్దంటరు. రెండో షిఫ్టు దిగి బండ్ల మీద పోయే పోరలను అడుగుండ్రి — తుమ్మచెట్ల నడుమ ఆడమనిషి మాటలు వినబడ్తయట. ఎవలితోనో ముచ్చట పెడ్తున్నట్టు... మెల్లగ... ప్రేమగ. తిరిగి చూస్తే ఎవలుండరు. ఒకడైతే బండి ఆడనే పడేసి ఉరికిండు. తెల్లారినంక నల్గురిని తోలుకొని పోయి తెచ్చుకున్నడు.

సరిగ్గ ఆ చెలకనే కిరాయికి తీస్కున్నడు మా మరిది చార్లీ.

నేను మొత్తుకున్న. "ఓయ్, లోకంల ఇంకేడ జాగ లేనట్టు గా దయ్యాల చెలకనే దొరికిందా నీకు? పోయే కంపను తగిలిచ్చుకుంటున్నవు!"

"బ్యూలా వదినా, మందిరంల పిల్లలకు బైబిలు చెప్పే టీచరమ్మవు. నువ్వు గూడ దయ్యాలను నమ్ముతవా?" అని నవ్విండు.

నమ్మనని చెప్పిన. పొద్దటిపూట నేను గూడ నమ్మ.

చార్లీ చానేండ్లు ఇంకొకళ్ళ షెడ్డుల లేతు మిషన్ మీద పనిచేసిండు. ఎప్పటికైనా తనదంటూ ఒక వర్క్‌షాపు పెట్టాలెనని వాని పిచ్చి. కిరాయి జాగల గోడలు కడ్తే, రేపు ఖాళీ చెయ్యమన్ననాడు గోడలను నెత్తిన పెట్టుకొని పోతమా? అందుకని ఓడల మీద సామాన్లొచ్చే ఇనుప కంటైనర్లు రెండు తెచ్చిండు. ఒకదాంట్ల మిషన్లు, ఒకదాంట్ల సామాను, రెండిటి నడుమ పైన రేకులు. నీలిరంగు ఏసిండు. పైన పటారం లోన లొటారం అని నేను ఎక్కిరిచ్చిన గని, నిజం చెప్పాలెనంటే ముద్దుగనే కుదిరింది.

పేరుకు చెలక గని అది నల్లరేగడి. కంటైనర్ నాలుగు మూలల కింద గట్టి దిమ్మెలు లేకపోతే వానకు కుంగుతది. తుమ్మచెట్ల పక్కకు మోకాలెత్తు సిమెంటు గద్దె ఒకటి కనబడ్డది. పాత బోరు మోటరు గద్దె అనుకున్నరు. "ఇది రాయి లెక్కున్నది సార్, మిషన్ల డబ్బా ఒక మూల దీని మీదనే పెడ్దం" అన్నడట మేస్త్రీ. దాని ఎత్తు చూసుకొని మిగిలిన మూడు దిమ్మెలు పోయించిండు మా వాడు. ఒక దిమ్మె పని తప్పిందని సంబురపడ్డడు. ఊర్ల ఒక్కళ్ళను గూడ అడగలె. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదంటరు, మా వాడు అసలు నోరే ఇప్పలె.

మిషన్లు ఎక్కిన వారానికే గడబిడ మొదలైంది. రాత్రి కాపలాకు లోపల పండుకునే బీహారీ వెల్డర్ పొద్దుగాల్నే బ్యాగు సర్దుకున్నడు. "నీచే ఔరత్ హై భాయ్... నీచే..." అని, కింద ఆడమనిషి ఉన్నదని, నేల దిక్కు వేలు పెట్టి చూపిస్తడు తప్ప ఇంకో మాట లేదు. వాని ఎనక ఇంకొకడు పోయిండు.

ఆదివారం పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసి షాపు తెరవాలె. పనోళ్ళు లేకపోతే తెరిచి ఏం చేస్తడు? ఇది మునిగితే మళ్ళ పాత సేటు షెడ్డు ముంగట పోయి చేతులు కట్టుకొని నిలబడాలె. ఆ మాట తల్సుకుంటెనే వాని మొకం మాడిపోయేది.

"ఇయ్యాల నేనే పండుకుంట. ఏ దయ్యమున్నదో చూస్త" అని పోయిండు.

తెల్లారి మా వంటింట్లకొచ్చి పొయ్యి పక్కకు కూసొని చెప్పిందే ఇగ మీకు చెప్తున్న.

లైటు తీసేసి ఒరిగిండట. పగలంత ఎండకు కాలిన ఇనుము సల్లారుతుంటే రేకులు టక్... టక్‌మంటున్నయ్. అది తెలిసిన చప్పుడే. కన్ను మూతవడ్తున్నది. రెండో షిఫ్టు సైరన్ అయింది. ఇంకొంచెం సేపయింది...

కింద ఏదో పాకింది.

పందికొక్కు అనుకున్నడు. అప్పుడు వినబడ్డది.

"వచ్చిన బిడ్డా... వచ్చిన..."

చార్లీ లేచి కూసున్నడు. మాట సరిగ్గ వాని పరుపు కిందికెళ్ళే వస్తున్నది.

"పొద్దంత గుద్దుతనే ఉన్నరా?... చెవులు మూసుకో... పైన బరువైతున్నదా బిడ్డా?"



దేవుని పాట ఎత్తుకున్నడు. మెల్లగ కాదు, గొంతు చించుకొని. కింద మాట ఆగింది. హమ్మయ్య అనుకునేలోపల్నే మళ్ళ గుసగుస —

"భయపడకు... పైన సారు పాట పాడ్తున్నడు... పండుకో..."

దయ్యం వాన్ని సారు అని ఎక్కిరిస్తున్నది! ఆ మాటకు భయం కాస్త కోపమైంది. నోటికొచ్చినట్టు తిట్టిండు. మందిరంల ముందు వరుసల కూసునే మనిషి, ఆ తిట్లు నేను నోటితోని అనలేను. అనగలిగింది ఒక్కటే — "నువ్వూ నీ బిడ్డా మట్టిల కలువుండ్రి!"

వైర్ల కోసమని నేల చెక్కకు కోసిన బొక్క ఒకటున్నది. దాంట్లకెళ్ళి సన్నటి వెలుగు... పచ్చగ... కదులుతున్నది. మిషన్లు తుడిచిన మురికినీళ్ళ బకెట్ పక్కనే ఉండె. ఎత్తి ఆ బొక్కల కుమ్మరిచ్చిండు.

వెలుగు ఆరిపోయింది.

తర్వాత — దగ్గు. దమ్ము అందక, ఎగవోసుకుంట, ఆగకుండ దగ్గు.

దయ్యానికి దగ్గొస్తదా?

టార్చి పట్టుకొని బయటికురికిండు. మోకాళ్ళ మీద వంగి కంటైనర్ కిందికి చూసిండు. ఒక పెద్దామె. కంపెనీల ఊడ్చేటోళ్ళు తొడుక్కునే ఆకుపచ్చ అంగి, మొకం నిండ నల్లనీళ్ళు. నాలుగో మూల కాడ ఆ గద్దెను రెండు చేతులతోని కావలిచ్చుకొని పండుకున్నది. పక్కకు ఆరిపోయిన ప్రమిద.

వెలుగు పడంగనే ఆమె చేతులు జోడిచ్చింది.

"తిట్టకు సారూ... పోతున్న... ఇగ రాను..."

"ఎవలమ్మా నువ్వు? మోటరు గద్దె కాడ ఏం పని నీకు?"

"దేవమ్మను సారూ. మోటరుది కాదు... ఇది నా బిడ్డ సమాధి."

చార్లీ టార్చి ఆమె మొకం మీదికెళ్ళి గద్దె దిక్కు తిప్పిండు.

ఆ చెలక ఒకప్పుడు దేవమ్మోళ్ళదేనట. ఒక్కతే బిడ్డ, జ్వరమొచ్చి పోతే చెలకల్నే పాతిపెట్టి గద్దె కట్టిన్రు. తర్వాత భూమి చేతులు మారింది. అప్పటికెళ్ళి షిఫ్టు దిగి ఇంటికి పోయే ముందు బిడ్డ కాడ కూసొని, ఒక కథ చెప్పి పోతది. మీద ఇనుప డబ్బా పెట్టినంక కూసునే జాగ లేదు. అందుకే కిందికెళ్ళి పాక్కుంట వస్తున్నది.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు గదమ్మా..."

"అమ్ముకున్న భూమి సారూ. ఏ మొకంతోని చెప్పాలె?"

ఇది చెప్తున్నప్పుడు మా మరిది నన్ను చూడలె, పొయ్యి దిక్కే చూస్తున్నడు. సిగ్గుతోని నాకు గూడ తల లేవలె. ఆ బకెట్ మా ఇంట్లకెళ్ళి తీస్కపోయిందే. ఆ తల్లి మొకం మీద పోసింది మా ఇంటోడే గదా!

తువ్వాల ఇచ్చిండట. పొద్దుగాల క్రేన్ పిలిచి డబ్బా తీపిస్తనని కాళ్ళ మీద పడబోతే, ఆమె ఎనుకకు జరిగి —

"జెర ఒక్క మాట సారూ... కంపెనీ మిషన్ల మోతకు నా చెవులు పొయ్యినయ్. గట్టిగ మాట్లాడితెనే వినబడ్తది. మీరు పైననే ఉంటరు గదా... నేను కథ చెప్తుంటే నా బిడ్డ ఊ కొడ్తున్నదా?"



"కొడ్తున్నదమ్మా" అని గట్టిగనే అన్నడట, తల ఎత్తకుండ.

ఆమె మొకం సంబురంతోని ఇంతయింది. "మరి కథ సగంల్నే ఉన్నది సారూ..." అని మళ్ళ ఆ తడిమట్టిలకే పాక్కుంట పోయింది. తప్పిపోయిన మేకపిల్ల కథ. చార్లీ టార్చి పట్టుకొని బయట నేల మీద కూసున్నడు. అబద్ధం చెప్పినోడు దాన్ని నిలబెట్టాలె గదా... ఆమె ఆగినప్పుడల్ల గట్టిగ తనే ఊ కొడ్దామనుకున్నడు.

ఆమె ఒక మాట చెప్పి ఆగింది. చార్లీ నోరు తెరిచిండు...

"నేను అనలె వదినా" అన్నడు నాతోని. "నేను అనకముందే వినబడ్డది."

"ఏంది?"

"ఊ అని... సన్నగ... గద్దె కాడికెళ్ళి."

నా చేతిల గంటె ఆగింది. "భయమై ఉరికొచ్చినవా?"

"లేదు. ఆమె కథ ముగిసేదాక ఆడనే కూసున్న." తల వంచుకున్నడు. "భయం గాలె వదినా... నేను తిట్టిన తిట్లన్నీ ఆ పిల్ల గూడ విన్నట్టే గదా..."