మోతి నాలుక

"మోతీ, ఆగు!"

కమల అరిచేలోపే పెంపుడు కుక్క మోతి నాలుక పడుగును తాకనే తాకింది. మగ్గం కోసం వాకిట్లో బారుగా కట్టి, గంజి పట్టించి ఆరబెట్టిన నూలు అది. నాకిన చోట పోగులు చిక్కుపడి ఉండలు కట్టాయి.

నాన్న వెంకట్రాజం గంజి పట్టించే కుంచె కింద పడేశాడు.

"ఇంకోపారి నూలు మీద నోరు పెట్టిందంటే, దీన్ని మీ మామ చేనుకాడ ఇడిసొస్త. వర్ధన్నపేట ఏం దూరం గాదు!"

కమల గబుక్కున దాని మెడ పట్టుకుంది. మోతిని పెరట్లోకి లాక్కెళ్ళింది.

"ఎందుకు నాకినవే?" అని తిట్టింది. మోతి ఆమె చెయ్యి నాకింది. కమల కోపంతో ఒక్కటేసింది. మోతి చెవులు వాల్చి ఇంకా గబగబా నాకింది. కమల చక్కిలిగిలి పుట్టి నవ్వింది. మోతి మోకాలు కూడా నాకింది!

తిట్టినా నాకుడే. కొట్టినా నాకుడే. నవ్వినా నాకుడే. దీనికేమైంది?

"పిచ్చి లేసిందేమోనే!" అన్నాడు అన్న భాస్కర్, దూరంగా జరుగుతూ.

"మరి నిన్నెందుకు నాకుతలేదు? నీ చెయ్యి జర చూపియ్యి."

భాస్కర్ చెయ్యి సబ్బు వాసన వేసింది. కమల తన చెయ్యి వాసన చూసుకుంది. పుల్లటి గంజి!

రోజూ పొద్దున గంజి పని కాగానే తన వేళ్ళు మోతి నోటికిచ్చి నాకించి, కిలకిలా నవ్వేది ఎవరు?

దొంగ దొరికాడు. కానీ ఆ దొంగ మోతి కాదు, తనే.

కమల పరుగున వెళ్ళి చేతులు కడుక్కుంది. మోతి మళ్ళీ నాకింది!

"గంజి లేదు గదనే! ఇంకెందుకు?"

ఏమీ తోచక ఈసారి తిట్టలేదు, నవ్వలేదు. చేతులు కట్టుకుని అటు తిరిగి నిలబడింది. ఇప్పుడు మోతికి ఏమీ అర్థం కాలేదు. చుట్టూ తిరిగింది. కుయ్యిమంది. చివరికి కూర్చుంది. అప్పుడు కమల దాని తల నిమిరింది. మళ్ళీ నాకితే మళ్ళీ అటు తిరిగింది. సాయంత్రందాకా అదే ఆట: నాకితే పలకరింపు లేదు, కూర్చుంటేనే నిమురుడు.

మర్నాడు పొద్దున గంజి పని అయిపోయింది. మోతి తోకాడిస్తూ వచ్చింది. కమల చేతులు వెనక్కి దాచుకుని అటు తిరిగింది. మోతి పడుగు వైపు ఒకసారి చూసి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

వెంకట్రాజం కుంచె దులుపుతూ చూశాడు. వర్ధన్నపేట మాట ఎత్తలేదు.

"బుద్ధిగ కూసున్నది గద. జొన్నరొట్టె ముక్కెయ్యి బిడ్డా," అన్నాడు.

కమల సంబరంగా రొట్టె కోసం చెయ్యి చాపింది. ఆగి, గంజి అంటిన ఆ చెయ్యి వైపు చూసుకుంది. ముందు నీళ్ళ గోలెం దగ్గరికి నడిచింది.